వంటింట్లోంచి విన్న అమెరికా

ఎలెక్స్ హేలీ 'రూట్స్'ని తెలుగు చేసినప్పుడు సహవాసి దానికి 'వేళ్ళు' అని పేరు పెట్టలేదు, 'మూలాలు' అనీ పెట్టలేదు. 'ఏడుతరాలు' అన్నారు. ఇంగ్లీషు పుస్తకానికి పేరు కింద ఇది ఒక అమెరికన్ కుటుంబ గాథ అని చిన్న తోక కూడా వుంది. తెలుగు పేరులో అమెరికా ఊసే లేదు. అయినా అంత చక్కని పేరు మూలానికి కూడా లేదని నేనంటాను. సంబంధం కలుపుకోవాలంటే అటేడు తరాలూ ఇటేడు తరాలూ చూడమంటాం. కోపం వస్తే ఏడు తరాలనూ కలిపి తిడతాం. ఎక్కడో వర్జీనియాలోని పొగాకు తోటల కథని అట్ట మీదనే మన గడప లోపలికి తెచ్చేసిన మాట అది.

లెక్క కూడా సరిపోయింది. ఆఫ్రికాలోంచి ఎత్తుకొచ్చిన కుంటా కింటే, అతని కూతురు కిజ్జీ, ఆమె కొడుకు జార్జి, అతని కొడుకు టామ్, టామ్ కూతురు సింథియా, ఆమె కూతురు బెర్తా, బెర్తా కొడుకు ఈ పుస్తకం రాసిన హేలీ. ఏడుగురూ వచ్చారు. ఇందులో ముగ్గురు ఆడవాళ్ళు! మన ఏడు తరాల లెక్కలో తండ్రి, తాత, ముత్తాత వస్తారు తప్ప ఆడపిల్ల ఎక్కడ వస్తుంది? పెళ్ళయి వెళ్ళిన పిల్ల మరో ఇంటి లెక్కలోకి పోతుంది. ఈ కుటుంబపు దారం మాత్రం మూడుసార్లు కూతురి చేతిలోంచే కిందికి వచ్చింది. ఎందుకలా వచ్చిందన్నది ఆలోచిస్తే నవల సగం అర్థమైనట్టే.

అమెరికా తొలినాళ్ళ చరిత్ర మనలో చాలామందికి బడిలో ఎంత తెలుసు? 1492లో కొలంబస్ ఇండియా కోసం బయల్దేరి ఇంకెక్కడో తేలాడు. 1607లో ఇంగ్లీషు వాళ్ళు జేమ్స్‌టౌన్‌లో దిగారు. 1773లో బోస్టన్ రేవులో టీ పెట్టెలు సముద్రంలో పారేశారు. 1776లో స్వాతంత్ర్యం ప్రకటించారు. వాషింగ్టన్ చిన్నప్పుడు చెర్రీ చెట్టు నరికి, నాన్నతో నిజం చెప్పాడు. పరీక్షకి ఇంత చాలు. జేమ్స్‌టౌన్ కట్టిన పన్నెండేళ్ళకే, 1619లో, అదే వర్జీనియా తీరానికి ఇరవై చిల్లర మంది ఆఫ్రికన్లను ఓడలో తెచ్చి ఆహారపదార్థాలకి బదులుగా ఇచ్చేశారన్న సంగతి ఆ జాబితాలో వుండేది కాదు. ఆ ఖాళీని తెలుగు పాఠకులకు నింపింది చరిత్ర పుస్తకం కాదు, ఈ నవల. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసిన ఈ అనువాదం చేతులు మారుతూ ఎంత మంది చదివి వుంటారో లెక్క తేలదు. అమెరికాలో బానిసల సంగతి తెలుసా అని అడగండి, మన వైపు చదువుకున్నవాళ్ళు చాలామంది కుంటా కింటే పేరే చెబుతారు, లింకన్ పేరు ఆ తర్వాత.

ఈ నవలలో నాకు అన్నిటికన్నా నచ్చింది చరిత్రను లోపలికి తీసుకొచ్చిన పద్ధతి. 1776 గురించి రాయమంటే మామూలు రచయిత ఏం చేస్తాడు? ఒక సభ పెడతాడు. విగ్గులు పెట్టుకున్న పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి ఉపన్యాసాలు ఇప్పిస్తాడు. హేలీ ఆ సభకి మనల్ని తీసుకెళ్ళడు. కుంటా డాక్టర్ వాలర్ గారి బగ్గీ తోలుతాడు. వెనక కూర్చున్న దొరల మాటలు చెవిన పడతాయి. కుంటా భార్య బెల్ ఆ ఇంటి వంటమనిషి. వడ్డిస్తూ వింటుంది. ఫిడేలు వాయించే ఆయన దొరల ఇళ్ళలో విందులకి వెళ్ళి వింటాడు. రాత్రి పని తీరాక ముగ్గురి మాటలూ ఒకచోట చేరతాయి. బోస్టన్‌లో కాల్పులు జరిగాయట, పన్నులట, యుద్ధమట. తెలిసిందెంతో, ఊహ ఎంతో, భయం ఎంతో విడదీయలేం.

పటేలింటి అరుగు కింద నిలబడి విన్న మాటల్ని ఇంటికొచ్చి పొయ్యి దగ్గర కలబోసుకునే మనుషుల్ని చూసినవాళ్ళకి ఇదేమీ కొత్త కాదు. రాజ్యం మారిందన్న కబురు మొదట వాళ్ళకే అందుతుంది, రాజ్యం మారిన ఫలం మాత్రం చివరికి కూడా అందదు. 1775లో వర్జీనియా గవర్నరు లార్డ్ డన్‌మోర్, తిరగబడ్డ యజమానుల బానిసలు తన సైన్యంలో చేరితే స్వేచ్ఛ ఇస్తానని ప్రకటించాడు. అంటే, స్వేచ్ఛ కోసం పోరాడుతున్నామన్న వాళ్ళ బానిసలకు స్వేచ్ఛ ఇస్తానన్నది రాజుగారి మనిషి! మంచితనం కాదు, యుద్ధపు ఎత్తు. కానీ బానిసల గుడిసెలోంచి చూస్తే ఎవరు మిత్రుడు, ఎవరు శత్రువు? నాలుగు మార్కుల ప్రశ్నకి ఇందులో జవాబు దొరకదు. (ఆ యుద్ధంలో 1781లో యార్క్‌టౌన్‌లో లొంగిపోయిన కారన్‌వాలీసే 1786లో మన దేశానికి గవర్నర్ జనరల్‌గా వచ్చాడు. ఓడిపోయినవాళ్ళకి కూడా మంచి ఉద్యోగాలు దొరికిన రోజులు.)

యుద్ధం అయ్యాక ఏమైంది? 1787లో రాజ్యాంగం రాసుకున్నారు. అందులో 'బానిస' అన్న మాటే ఎక్కడా లేదు. 'ఇతర వ్యక్తులు' అన్నారు. ఆ ఇతర వ్యక్తుల్ని జనాభా లెక్కకి అయిదింట మూడు వంతుల మనుషులుగా లెక్కేశారు. రాయడానికి సిగ్గుపడ్డ మాటని ఆచరించడానికి సిగ్గుపడలేదు. 1790లో తీసిన మొదటి జనాభా లెక్కల్లో దేశం మొత్తం 39 లక్షల పైచిలుకు మంది వుంటే, అందులో దాదాపు 7 లక్షల మంది బానిసలు. సరిగ్గా అదే సంవత్సరం, నవలలో, బెల్‌కి కిజ్జీ పుడుతుంది.

ఆ తర్వాత మూడేళ్ళకి ఎలై విట్నీ పత్తి గింజను వేరుచేసే జిన్ను కనిపెట్టాడు. జిన్నింగ్ మిల్లు అంటే వరంగల్ వాళ్ళకి వివరించక్కర్లేదు. ఏనుమాముల మార్కెట్టుకి పత్తి బళ్ళు వచ్చే రోజుల్లో గాలిలో తేలే దూది చూసిన వాళ్ళమే. చేత్తో గింజ తీసే శ్రమ తగ్గింది కదా, పనివాళ్ళు తక్కువ చాలుతారు కదా అనుకుంటాం. జరిగింది తలకిందులు. గింజ తీయడం సులువయ్యేసరికి పత్తి వేస్తే లాభమైంది, చేలు పెరిగాయి, ఏరడానికి చేతులు కావాల్సి వచ్చాయి. 1860 నాటికి బానిసలు 40 లక్షలకు దగ్గరయ్యారు.

ఇక బెల్ దగ్గరికి వద్దాం. ఈ నవల గురించి మాట్లాడేవాళ్ళంతా కుంటాను పట్టుకుంటారు. నాలుగుసార్లు పారిపోయినవాడు, పాదం నరికించుకున్నవాడు, టోబీ అని పేరు పెడితే లోలోపల కడదాకా ఒప్పుకోనివాడు, తన వయసు మరిచిపోకుండా నెలనెలా సొరబుర్రలో గులకరాయి వేసుకునేవాడు. వీరుడే, సందేహం లేదు. కానీ నవలలు రాసేదానిగా నన్నడిగితే బెల్ పాత్ర మరింత కష్టమైన పాత్ర. ఆమె పారిపోదు. ఎదిరించదు. దొర మెప్పు కోరుతుంది. చూడ్డానికి లొంగిపోయిన మనిషి. కానీ ఆమెకు చదవడం వచ్చు! దొర పారేసిన పత్రికల్ని దాచి రహస్యంగా చదువుతుంది. కుంటా కూడా చదువుకున్నవాడే, అయితే అతనికొచ్చింది అరబ్బీ. మట్టిలో వేలితో రాసి తుడిచేసుకోవడానికి తప్ప ఆ గడ్డ మీద దేనికీ పనికిరాని చదువు. భార్యకి ఆ దేశపు అక్షరం వచ్చు, భర్తకి తన దేశపు అక్షరం వచ్చు, ఇద్దరూ పైకి నిరక్షరాస్యులు. నాకు ఈ దంపతుల్ని చూస్తే కలిగిన బాధ, కొరడా దెబ్బల పేజీలు చదివినప్పుడు కూడా కలగలేదు.

అదే కాలంలో బోస్టన్‌లో ఫిలిస్ వీట్లీ అనే అమ్మాయి కవిత్వం రాసి 1773లో పుస్తకం అచ్చు వేయించుకుంది. ఆమె కూడా బానిసే. ఫిలిస్ అన్నది ఆమెను తెచ్చిన ఓడ పేరు, వీట్లీ అన్నది కొన్నవాళ్ళ ఇంటి పేరు. తన పేరు ఏమిటో మనకి తెలియని కవయిత్రి.

కిజ్జీ కూడా చదవడం నేర్చుకుంటుంది. యజమాని అన్న కూతురు ఆడుకుంటూ బడి ఆట ఆడుతూ నేర్పుతుంది. ఆ చదువే ఆమె కొంప ముంచుతుంది. తను ప్రేమించిన కుర్రవాడు పారిపోవడానికి దొంగ చీటీ రాసిచ్చిందని తేలి, పదహారేళ్ళ పిల్లని 1806లో అమ్మేస్తారు. అమ్మినవాడు కిరాతకుడు కాదు, అదీ హేలీ గొప్పతనం. డాక్టర్ వాలర్ 'మంచి దొర'. కొట్టడు, తిట్టడు, రోగమొస్తే మందిస్తాడు. మా జిల్లాలో పాతతరం వాళ్ళ నోట 'మా దొర మంచోడు' అన్న మాట చాలాసార్లు వింటాం. ఆ మంచితనం ఎంతవరకు అంటే, కాగితం మీద సంతకం అవసరమయ్యేంత వరకు. బెల్ కాళ్ళ మీద పడి ఏడుస్తుంది. బండి వెళ్ళిపోతుంది. కుంటా కూతురి అడుగు పడిన మట్టిని దోసిట్లోకి తీసుకుంటాడు, దాచుకుంటే తిరిగొస్తుందని వాళ్ళ వైపు నమ్మకం. తర్వాత ఏం తోచి గులకరాళ్ళ సొరబుర్రని నేలకేసి కొడతాడు.

ఇక్కడ రచయిత చేసిన పని చూడండి. బండితో పాటు నవల కూడా వెళ్ళిపోతుంది. ఆ తర్వాత కథంతా కిజ్జీదే. కుంటా ఏమయ్యాడో, బెల్ ఎప్పుడు పోయిందో మనకి ఇక చెప్పడు. పుస్తకంలో అంత భాగం వెంట నడిచిన మనిషి ఒక పేజీ తిప్పేసరికి మాయమవుతాడు. మొదటిసారి చదివినప్పుడు చాలామందికి ఇది లోపంగా తోస్తుంది, ముందుకు వెళ్ళిన పేజీలు వెనక్కి తిప్పి వెతుక్కుంటారు. కానీ అమ్ముడుపోయిన పిల్లకి తండ్రి కబురు ఎలా తెలుస్తుంది? ఆమెకి తెలియనిది మనకీ తెలియకూడదు. 1977లో టీవీ సీరియల్ తీసినవాళ్ళు ఈ లోటు భరించలేక కిజ్జీని తండ్రి సమాధి దగ్గరికి తీసుకొచ్చి, టోబీ పేరు కొట్టేసి అసలు పేరు రాయించారు. చూసేవాళ్ళ కళ్ళు తుడవడానికి అది బాగానే వుంటుంది. నవల తుడవదు. ఈ ఒక్కచోట నవలకే నా ఓటు.

కూతురి చేతిలోంచే దారం ఎందుకు వచ్చిందన్నాను కదా. 1662లో వర్జీనియాలో ఒక చట్టం చేశారు. బిడ్డ స్వేచ్ఛ గలదా బానిసా అన్నది తల్లిని బట్టే నిర్ణయమవుతుంది. ఇంగ్లండులో వంశం తండ్రిని బట్టి వచ్చే ఆచారం వుంటే ఇక్కడ తల్లిని పట్టుకున్నారెందుకు? ఆడదాని మీద గౌరవం ఉప్పొంగి కాదు. బానిస స్త్రీకి యజమాని వల్ల పుట్టిన బిడ్డ కూడా యజమాని ఆస్తే కావాలని. కిజ్జీని కొన్న టామ్ లీ వెళ్ళిన రాత్రే ఆమెని చెరుస్తాడు. పుట్టిన జార్జికి పేరు కూడా వాడే పెడతాడు. ఆ జార్జి కోడిపందేల కథంతా హేలీ చాలా సాగదీశాడు. కోస్తా పాఠకులకి అవి పండగలా వుంటాయేమో గానీ, నా మట్టుకు నాకు సగం చాలనిపించింది.

తల్లిని బట్టి బిడ్డ అన్న చట్టం చదివినప్పుడు నాకు ఆడబాపలు గుర్తొచ్చారు. నిజాం కాలంలో మన దొరల ఇళ్ళలో ఆడపిల్లకి పెళ్ళి చేసి పంపేటప్పుడు నగలూ గిన్నెలూ పంపినట్టే వెంట ఒక దాసిపిల్లని పంపేవారు. ఆమెకి పెళ్ళి వుండదు. గడీలో దొరలకీ చుట్టాలకీ ఆమె అందుబాటులో వుండాలి. ఆమెకు పుట్టినవాళ్ళకి తండ్రి పేరు చెప్పుకునే దిక్కు లేదు. ఈ ఓరుగల్లు సీమలోనే చిన్నగూడూరులో పుట్టిన దాశరథి రంగాచార్య 1969లో రాసిన 'చిల్లర దేవుళ్ళు'లో ఈ గడీ బతుకుని కళ్ళకి కట్టారు. 'ఏడుతరాలు' వచ్చేనాటికే మన భాషలో మన కిజ్జీ వుంది. కానీ కుంటా కోసం ఏడ్చినంతగా మనం ఆమె కోసం ఏడ్చామా? దూరపు కన్నీళ్ళు సులువు. వర్జీనియా దొర మన మేనమామ కాడు కదా, వాణ్ణి తిట్టుకుంటే పెళ్ళిపందిట్లో ఎవరూ మొహం తిప్పుకోరు.

అలాగని రెండూ ఒకటే అనడం నాకిష్టం లేదు. వెట్టి వేరు, వేలంపాట వేరు. వెట్టివాడికి తన వూరు తనకుంది, తన దేవత, తన పండగ, తన కులం వాళ్ళు చుట్టూ వున్నారు. కుంటాని ఎక్కించిన 'లార్డ్ లిగోనియర్' ఓడలో 140 మందిని వేస్తే 1767 సెప్టెంబరు 29న అన్నాపొలిస్ రేవులో దిగింది 98 మంది. ఆ దిగినవాళ్ళకి పక్కవాడి భాష కూడా రాదు. ఈ తేడా మరిచిపోయి ప్రతి కష్టాన్నీ బానిసత్వం అనేస్తే ఆ మాటకి విలువ పోతుంది. మన దగ్గర వెట్టిచాకిరీ నిషేధ చట్టం పార్లమెంటులో వచ్చిందీ, 'రూట్స్' అచ్చయిందీ ఒకే యేడు, 1976లో. కాకతాళీయమే, కానీ ఆ చట్టం గుర్తున్నవాళ్ళకి ఈ నవల తెలుగులో ఎందుకంత త్వరగా అంటుకుందో తెలుస్తుంది.

అనువాదం గురించి నాలుగు ముక్కలు. సహవాసి దిండంత పుస్తకాన్ని బాగా కుదించారు. తెలుగు సాఫీగా పరుగెత్తుతుంది, ఎక్కడా ఇంగ్లీషు వాసన రాదు. ఆ పరుగులోనే నష్టం కూడా వుంది. మూలంలో 120 అధ్యాయాలుంటే కుంటాని పట్టుకోవడం 33వ అధ్యాయంలో గానీ జరగదు. అంతదాకా జుఫూరే వూళ్ళో పొలాలు, మేకలు, నానమ్మ కథలు, నామకరణాలు. ఆ నిదానం అవసరం. పోగొట్టుకున్నదేమిటో తెలియాలంటే అందులో కొన్నాళ్ళు కాపురముండాలి. కుదింపులో సంఘటనలు మిగులుతాయి, కాపురం తగ్గుతుంది. అయితే పూర్తి అనువాదం వేసి వుంటే దాని ధరకి ఎంతమంది కొనేవారు, పల్లెటూళ్ళ దాకా ఎలా వెళ్ళేది? కుదించి అందరికీ ఇవ్వడమే మేలని నేననుకుంటాను, ఇష్టంగా కాదు గానీ.

ఇక అసలు తగువు. హేలీ ఇదంతా తన కుటుంబపు నిజచరిత్ర అన్నాడు. 1977లో పులిట్జర్ ప్రత్యేక బహుమతి వచ్చింది. 1978లో హెరాల్డ్ కూర్లాండర్ అనే రచయిత తన 'ది ఆఫ్రికన్' నవలలోంచి భాగాలు తీసుకున్నాడని కోర్టుకెక్కితే, హేలీ ఆ సంగతి ఒప్పుకుని డబ్బిచ్చి రాజీ పడ్డాడు. దాన్ని నేను వెనకేసుకు రాను. రాసేవాళ్ళకి అది ఇంటి దొంగతనం లాంటిది. వంశవృక్షం సంగతి వేరు. వాలర్ల టోబీ ఆ ఓడ రాకముందే రికార్డుల్లో వున్నాడనీ, కిజ్జీ పుట్టే నాటికి అతను లేడనీ పరిశోధకులు తేల్చారు. గాంబియాలో హేలీకి వంశకథ పాడిన ముసలాయన సంప్రదాయపు గ్రియో కాదనీ, వచ్చినాయనకి కావలసినట్టే చెప్పాడనీ అన్నారు. హేలీ తన పుస్తకాన్ని ఫ్యాక్ట్, ఫిక్షన్ కలిపి 'ఫ్యాక్షన్' అని పిలుచుకున్నాడు. ఆ మాటకి మన రాష్ట్రాల్లో వేరే అర్థముంది, ఇక్కడ వాడితే జనం తలుపులేసుకుంటారు.

ఇంతకీ నవల కూలిపోయినట్టేనా? గ్రియో అంటే మనకి అంత వింత మనిషేం కాదు. పద్మశాలీల గడపల్లోకి చేర్యాల పటం చుట్టుకొచ్చి కులం కథ చెప్పే కూనపులి వారున్నారు. గోత్రాలు వల్లించే పిచ్చుకుంట్ల వారున్నారు. జాంబపురాణం చెప్పే డక్కలి వారున్నారు. వాళ్ళు చెప్పే తరాలన్నీ తారీఖులతో సరిపోతాయని వినేవాళ్ళెవరూ పందెం కాయరు. వినేది తమకో ముందటి మనిషి వున్నాడని వినడానికి. హేలీ తప్పు పాడినవాణ్ణి నమ్మడం కాదు, పాటకి రిజిస్ట్రారు ఆఫీసు ముద్ర వేయించాలని చూడటం. అసలు తగువు వేస్తే వాషింగ్టన్ చెర్రీ చెట్టు మీద కూడా వెయ్యాలి. ఆ కథ వీమ్స్ అనే ఆయన కల్పించి, తను రాసిన వాషింగ్టన్ జీవితచరిత్రలో 1806లో చేర్చాడు. నవలలో కిజ్జీని అమ్మిన యేడు! అబద్ధమాడకూడదని పిల్లలకి చెప్పడానికి పుట్టించిన ఆ అబద్ధం మన నీతికథల పుస్తకాల దాకా వచ్చింది, దాని మీద ఎవరూ కేసు పెట్టలేదు.

నాకున్న ఫిర్యాదు వేరు. ఈ తోటలన్నీ ఎవరి నేల మీద వేశారన్న ప్రశ్న నవలలో పక్కకే వుండిపోతుంది. జేమ్స్‌టౌన్ కట్టేనాటికి అక్కడ పౌహాటన్ కింద తెగలున్నాయి, వూళ్ళున్నాయి, మొక్కజొన్న చేలున్నాయి. కొలంబస్ పొరపాటున మన పేరు తగిలించిన మనుషులు వాళ్ళు. మన పాఠ్యపుస్తకాల్లో 'రెడ్ ఇండియన్లు' అయ్యారు. కుంటాని టోబీ అన్నారని అన్ని పేజీలు బాధపడ్డ మనం, ఒక ఖండం ఖండాన్నే మన పేరుతో పిలుస్తున్నామని తట్టుకుని ఆగం.

ఇంకొకటి. కుంటాని చేసుకోక ముందే బెల్‌కి ఇద్దరు కూతుళ్ళు. పసితనంలోనే ఇద్దర్నీ ఆమె దగ్గర్నించి అమ్మేశారు. ఒక రాత్రి ఆమె ఈ సంగతి కుంటాతో చెబుతుంది, నవల ముందుకు సాగిపోతుంది. కిజ్జీ తండ్రి దగ్గర విన్న రెండు మూడు మాండింకా మాటలు కొడుక్కి చెప్పింది. నదిని 'కాంబీ బొలాంగో' అనడం, తీగల వాయిద్యాన్ని 'కో' అనడం. ఆ మాటలే తరాలు దాటి టెన్నెసీలో హెన్నింగ్ అనే వూళ్ళో సింథియా ఇంటి వసారాలో ముసలమ్మల కబుర్లలోంచి మనవడి చెవిన పడ్డాయి. ఆ పెద్దపిల్లలిద్దరికీ అలా చెప్పడానికి బెల్ దగ్గర ఏ మాటలుండేవో, వాటిని వాళ్ళకి చెప్పే వ్యవధి ఆమెకి దొరకనే లేదు.